డార్విన్ కడుపు చెప్పిన సంగతులు

చార్లెస్ డార్విన్ అనగానే మీకు ముందుగా గుర్తొచ్చేది పొడవాటి తెల్లగడ్డం, కోతి నుంచి మనిషి దాకా వరసగా నడిచే బొమ్మలు. బడిలో మనం చదువుకున్న డార్విన్ అంతే. ఆయన ఇంట్లోవాళ్లకు తెలిసిన డార్విన్ వేరు. ఇంగ్లండ్‌లో అప్పట్లో కెంట్ ప్రాంతంలో ఉన్న డౌన్ అనే పల్లెలో ఆయన ఇల్లు ఇప్పటికీ ఉంది. ఆయన రాసుకునే గదిలోనే ఒక మూల, తెర చాటున బేసిన్ ఉండేది. రాస్తూ రాస్తూ లేచి వెళ్లి వాంతి చేసుకోవడానికి అన్నమాట. ముప్ఫై ఏళ్లకు పైగా కడుపుబ్బరం, వికారం, వాంతులు ఆయనను పట్టి పీడించాయి.

మీ ఇంట్లో ఎవరికైనా ఏళ్ల తరబడి కడుపు బాధ ఉంటే, స్కానింగులు, ఎండోస్కోపీలు అన్నీ అయ్యాక కూడా తగ్గకపోతే, డార్విన్ జీవితాన్ని ఒకసారి ఆ వైపు నుంచి చూడండి. ఓడల అడుగున అతుక్కుని బతికే బార్నకిల్ అనే చిన్న జీవుల మధ్య తేడాలను ఎనిమిదేళ్ల పాటు ఓపిగ్గా పరిశీలించిన మనిషి ఆయన. తన కడుపులో రేగుతున్నది జబ్బా, భయమా, దుఃఖమా అన్నది పోల్చుకోవడానికి మాత్రం చాలా అవస్థ పడ్డారు.

అమ్మ పేరెత్తని ఇల్లు

డార్విన్ 1809 ఫిబ్రవరి 12న ష్రూస్‌బరీ పట్టణంలో పుట్టారు. తండ్రి రాబర్ట్ పేరున్న డాక్టరు. ఎదుటివాళ్ల మనసులో ఉన్నది ఇట్టే పట్టేస్తారని ఆయనకు పేరు. 1817లో తల్లి సుసానా చనిపోయింది. చార్లెస్‌కు అప్పుడు ఎనిమిదేళ్లు. పెద్దయ్యాక తల్లి గురించి ఆయనకు గుర్తున్నవి చాలా కొద్ది. ఆమె ఆఖరి రోజుల్లో పడుకున్న మంచం, నల్ల వెల్వెట్ గౌను, ఆమె పని చేసుకునే బల్ల... అంతే. తనకన్నా ఏడాది చిన్నదైన చెల్లెలు కేథరీన్‌కు మాత్రం చాలా సంగతులు గుర్తున్నాయి. అక్కలు దుఃఖం తట్టుకోలేక ఇంట్లో తల్లి పేరే ఎత్తేవారు కాదు. తన మరుపుకు అదీ ఒక కారణమని డార్విన్ తర్వాత అనుకున్నారు.

ఇది మన ఇళ్లలో జరగని విషయమేం కాదు. పిల్లలు బెంగ పెట్టుకుంటారని పోయినవాళ్ల ఫొటో కూడా తీసేస్తాం. కానీ పిల్లలకు తమ భావాలకు పేర్లు పుట్టుకతో తెలియవు. కిందపడ్డ పిల్లాడిని నొప్పిగా ఉందా అని అడిగితే నొప్పి అనే మాట నేర్చుకుంటాడు. అమ్మ మీద బెంగగా ఉందా అని అడిగితే బెంగ అనే మాట నేర్చుకుంటాడు. ఎవరూ అడగని ఇంట్లో బెంగ పోదు, దాని పేరు మాత్రం తెలియకుండా పోతుంది.

గుండెదడతో మొదలు

పదహారేళ్ల వయసులో, 1825లో, తండ్రి ఆయనను ఎడిన్‌బరోలో డాక్టరు చదువుకు పంపారు. మత్తుమందు ఇంకా రాని కాలం. రెండు ఆపరేషన్లు చూశారు, అందులో ఒకటి చిన్న పిల్లకు. రెండూ పూర్తికాకముందే బయటికి పరిగెత్తారు. మళ్లీ ఆపరేషన్ గది గడప తొక్కలేదు. ఆ దృశ్యాలు మాత్రం ఏళ్ల తరబడి వెంటాడాయి.

1831 డిసెంబరు 27న బీగిల్ ఓడ ఎక్కారు. అంతకు ముందు ప్లిమత్ రేవులో రెండు నెలలు ఎదురుచూపులు. ఇంటిని, అయినవాళ్లను వదిలి ఏళ్ల తరబడి వెళ్లాలి. ఆ రెండు నెలలూ గుండెదడ, గుండెల్లో నొప్పి. తనకు గుండెజబ్బు వచ్చిందనే నిశ్చయానికి వచ్చారు. డాక్టరు దగ్గరికి వెళితే ప్రయాణం మానమంటారని ఎవరికీ చూపించుకోలేదు. ఓడ మీద సముద్రపు వికారం అయిదేళ్లూ వదల్లేదు. నేల మీద దిగితే మాత్రం వందల మైళ్లు గుర్రం మీద తిరిగారు, ఆండీస్ కొండలెక్కారు.

1836 అక్టోబరులో తిరిగొచ్చారు. మరుసటి ఏడాదే జీవజాతులు మారతాయన్న ఆలోచనను రహస్యంగా నోట్‌బుక్కులో రాయడం మొదలుపెట్టారు. ఆ ఏడాదే మళ్లీ గుండెదడ, ఆ తర్వాత కడుపు బాధ. 1839 జనవరిలో ఎమ్మా వెడ్జ్‌వుడ్‌ను పెళ్లాడారు. ఆమె ఆయన మేనమామ కూతురు, మన లెక్కలో మేనరికం. ఎమ్మాకు దైవభక్తి ఎక్కువ. తన సిద్ధాంతం ఆమెను ఎంత కలవరపెడుతుందో ఆయనకు తెలుసు.

ఇంటికి చుట్టాలో స్నేహితులో వచ్చి కాసేపు ఉత్సాహంగా మాట్లాడితే చాలు, ఆ తర్వాత వణుకు, వాంతులు. 1842లో లండన్ వదిలి డౌన్ పల్లెకు మారిపోయారు. దారిన పోయేవాళ్లకు ఇల్లు కనబడకుండా ముందున్న రోడ్డును తవ్వించి కిందికి దించారు. విందులు మానేశారు. ఉద్వేగం కలిగితే కడుపు తిరగబడుతుందని ఆయన బాగానే గమనించారు. అందుకు ఆయన కనిపెట్టిన ఉపాయం ఉద్వేగం కలిగించే మనుషులనే తగ్గించుకోవడం.

కడుపుకు ఒక డైరీ

1848 నవంబరులో తండ్రి చనిపోయారు. ఒంట్లో బాగాలేక డార్విన్ అంత్యక్రియలకు కూడా ఉండలేకపోయారు. ఆ చలికాలమంతా వాంతులే. 1849 మార్చిలో కుటుంబంతో సహా మాల్వెర్న్ వెళ్లి, డాక్టర్ గల్లీ దగ్గర చన్నీటి చికిత్సలో చేరారు. పొద్దున్నే చన్నీళ్లలో ముంచిన తువ్వాలుతో ఒళ్లు ఎర్రబడేలా రుద్దడం, రోజంతా పొట్టకు తడిగుడ్డ, చన్నీళ్లలో పాదాలు, చాలాసేపు నడక. తీపి, వెన్న, మసాలా బంద్. కొద్దివారాల్లోనే తేలికపడ్డారు. చన్నీళ్లు పనిచేశాయో, రాత బల్ల నుంచి నాలుగు నెలల విశ్రాంతి పనిచేసిందో మీరే ఆలోచించండి. ఇంటికొచ్చాక తోటలో చన్నీళ్ల ధార కింద నిలబడేందుకు ఒక గది కూడా కట్టించారు.

1849 జులై 1న ఆరోగ్యపు డైరీ మొదలుపెట్టారు. 1855 జనవరి దాకా, అంటే అయిదున్నరేళ్లు రాశారు. పగలు ఎలా గడిచింది, రాత్రి ఎలా గడిచింది, గ్యాస్ ఎన్నిసార్లు పట్టుకుంది, వాంతి అయిందా, నిద్ర పట్టిందా. బాగున్న రోజుకు రెండు గీతలు. నెలాఖరుకు ఎన్ని రెండు గీతలొచ్చాయో లెక్క. శాస్త్రవేత్త డైరీ ఎలా ఉండాలో అలాగే ఉంది. కానీ దాని నిండా ఎక్కువగా ఉన్నది శరీరమే. ఆ రోజు మనసు ఎలా ఉందన్న మాట వెతుక్కోవాలి.

ఆనీ

పదిమంది పిల్లల్లో పెద్ద కూతురు ఆనీ అంటే ఆయనకు ప్రాణం. పదేళ్ల ఆ పిల్లకు కూడా కడుపు బాధ మొదలైంది. 1851లో మాల్వెర్న్‌లో అదే డాక్టరు దగ్గర ఉంచారు. ఏప్రిల్‌లో జ్వరం, వాంతులు ముదిరాయి. ఎమ్మా నిండు గర్భిణి కావడంతో ఇంట్లోనే ఉండిపోయింది. డార్విన్ ఒక్కరే వెళ్లి కూతురి మంచం పక్కన కూర్చున్నారు. భార్యకు గంటగంటకూ ఉత్తరాలు రాశారు. నాడి ఎలా ఉంది, ఎన్ని చెంచాల గంజి దిగింది, ఎన్నిసార్లు వాంతయింది. ఏప్రిల్ 23న ఆనీ చనిపోయింది. మర్నాడే ఆయన ఎమ్మా దగ్గరికి బయల్దేరారు, ఖననానికి ఉండలేదు.

వారం తర్వాత కూర్చుని, ఆనీ నడక, నవ్వు, తన జుట్టు దువ్వుతూ గడిపిన తీరు అన్నీ కొన్ని పేజీల్లో రాసుకున్నారు. అది చదివితే ఆయనకు ప్రేమ లేదని ఎవరూ అనలేరు. ఆ తర్వాత మాత్రం ఇంట్లో ఆనీ ప్రస్తావన చాలా అరుదు. తల్లి విషయంలో అక్కలు పాటించిన మౌనమే ఇప్పుడు ఆయన ఇంటికీ వచ్చింది.

1858 జూన్‌లో వాలెస్ దగ్గర్నుంచి తన సిద్ధాంతాన్నే పోలిన వ్యాసం వచ్చింది. అదే నెల 28న ఏడాదిన్నర కొడుకు జ్వరంతో పోయాడు. మూడు రోజులకు, జులై 1న, లండన్‌లోని లిన్నియన్ సొసైటీలో ఇద్దరి రచనలూ చదివారు. డార్విన్ వెళ్లలేదు. 1859 నవంబరు 24న ఆయన మహాగ్రంథం విడుదలైనప్పుడు ఇల్క్‌లీలో మరో చన్నీటి చికిత్సాలయంలో ఉన్నారు. 1860 జూన్‌లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన పుస్తకం మీద వాదోపవాదాలు జరిగినప్పుడు కూడా రిచ్‌మండ్‌లో వైద్యం చేయించుకుంటున్నారు.

1865లో చాప్‌మన్ అనే కొత్త డాక్టరు కోసం తన బాధలన్నీ ఒక కాగితం మీద రాసిచ్చారు. ఇరవై అయిదేళ్లుగా పగలూ రాత్రీ పొట్టలో గ్యాస్. వాంతికి ముందు వణుకు, ఆపుకోలేని ఏడుపు, చచ్చిపోతున్నట్టు అనిపించడం. చెవుల్లో హోరు, కళ్ల ముందు నల్లచుక్కలు, గాల్లో నడుస్తున్నట్టు ఉండటం. ఆ జాబితాలో ఒక చిన్న మాట కూడా ఉంది. భార్య పక్కన లేకపోతే ఆందోళన. కడుపు బాధల మధ్య ఇరుక్కుని రాసిన ఆ మాటను డాక్టరు పట్టించుకున్నట్టు లేదు. వెన్నెముక మీద ఐసు సంచులు పెట్టించారు. ఫలితం లేదు.

ఇతరుల ముఖాలు చదివిన మనిషి

ఇదే డార్విన్ 1872లో మనుషులూ జంతువులూ భావాలను ఎలా వ్యక్తం చేస్తారన్న విషయం మీద పెద్ద పుస్తకం రాశారు. ప్రపంచమంతా తిరిగే మిషనరీలకు, అధికారులకు పదహారు ప్రశ్నలు పంపారు. సిగ్గుపడితే ముఖం ఎర్రబడుతుందా, దుఃఖంలో కనుబొమలు ఎలా కదులుతాయి, ఇలాంటివి. కలకత్తా బొటానికల్ గార్డెన్స్ నుంచి స్కాట్ అనే ఉద్యోగి ఒక జవాబు పంపాడు. తోటమాలి భార్య ఒకామె చావుబతుకుల్లో ఉన్న పసిబిడ్డకు పాలిస్తుంటే మొక్కల చాటు నుంచి చూశాడు. కనుబొమల లోపలి కొసలు పైకి లేవడం, నుదుటి మీద ముడతలు, కిందికి జారిన పెదవి కొసలు... అన్నీ రాశాడు. చివరికి ఎదుటికి వచ్చి పలకరిస్తే ఆ తల్లి ఉలిక్కిపడి, భోరున ఏడ్చి, బిడ్డను బతికించమని వేడుకుంది. పలకరింపు దాకా ఆగిన ఏడుపు అది.

రైలులో తన ఎదురుగా కూర్చున్న ఒక పెద్దావిడ గురించి కూడా డార్విన్ రాశారు. ముఖం ప్రశాంతంగానే ఉంది, పెదవి కొసలు మాత్రం కొంచెం కిందికి వంగాయి. అంతలోనే కళ్లు నిండాయి. ఎప్పుడో పోయిన బిడ్డ గుర్తొచ్చి ఉంటుందని ఆయన ఊహించారు. ఆ ఊహ ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆనీ కథ తెలిసిన మీకు వేరే చెప్పాలా?

ఒక ఫ్రెంచ్ డాక్టరు తీసిన ముఖాల ఫొటోలను ఇరవై మందికి పైగా చూపించి, ఇది ఏ భావమని అడిగారు. కొన్నింటిని అందరూ సరిగ్గానే చెప్పారు, కొన్నింటికి తలో మాట చెప్పారు. కింద వివరణ చదవకుండా చూసి ఉంటే కొన్ని ఫొటోల దగ్గర తాను కూడా తికమకపడేవాడినేనని ఆయన ఒప్పుకున్నారు. మరోసారి లండన్ జూలో విషసర్పం ఉన్న అద్దానికి ముఖం ఆనించి నిలబడ్డారు. పాము కాటేయబోయినా కదలకూడదని గట్టిగా అనుకున్నారు. పాము అద్దాన్ని కొట్టింది, ఆయన ఒక్క గెంతులో వెనక్కి దూకారు. బుద్ధి ఒకటి చెబితే ఒళ్లు మరొకటి చేసింది. భయాన్ని ఒళ్లే ముందు పోల్చుకుంది.

ఇంతకీ ఏం జబ్బు?

ఆనాటి డాక్టర్లు అజీర్తి అన్నారు, బయటపడని గౌట్ అన్నారు, నరాల బలహీనత అన్నారు. ఆయన పోయాక కూడా వాదన ఆగలేదు. అర్జెంటీనాలో 1835లో ఆయనను కుట్టిన నల్లి జాతి పురుగు వల్ల చాగస్ వ్యాధి వచ్చిందని కొందరన్నారు. కానీ గుండెదడ ఓడ ఎక్కక ముందే ఉంది. పాలు పడని తత్వమని, క్రోన్స్ అనే పేగుపూత అని, తెరలు తెరలుగా వాంతులొచ్చే వ్యాధి అని, పానిక్ డిజార్డర్ అని మరికొందరు. పరీక్షలు లేని కాలం కాబట్టి ఇది తేలేది కాదు. ఆయన బాధను ఊహ అని కొట్టిపారేయడం మాత్రం తప్పు. అది శరీరంలో నిజంగా జరిగిన బాధే.

మన పేగుల గోడల్లో పది కోట్లకు మించి నాడీకణాలున్నాయి. పేగులకూ మెదడుకూ మధ్య వేగస్ అనే పెద్ద నరం ఉంది. అందులో ఎక్కువ తంతులు కడుపు నుంచి మెదడుకు కబురు మోసేవే. సెరటోనిన్ అనే రసాయనంలో 90 శాతానికి పైగా తయారయ్యేది పేగుల్లోనే. అందుకే భయం వేస్తే విరేచనం అవుతుంది, దిగులుగా ఉంటే ముద్ద దిగదు. మన భాషకు ఈ సంగతి ఎప్పటి నుంచో తెలుసు. కడుపు తరుక్కుపోయింది అంటాం, కడుపుమంట అంటాం, బిడ్డ పోతే కడుపుకోత అంటాం.

లోపలి నుంచి వచ్చే ఆ కబురును కొందరు ఇది కోపం, ఇది బెంగ అని విడదీసి పోల్చుకోగలరు. కొందరికి అదంతా ఒకటే కలగాపులగం. ఏదో బాగోలేదు అనే తెలుస్తుంది, కడుపులోనే తెలుస్తుంది. దీనికి 1970ల్లో సిఫ్నియోస్ అనే అమెరికా మానసిక వైద్యుడు అలెక్సిథైమియా అని పేరు పెట్టారు. భావాలకు మాట దొరకకపోవడం అని దాని అర్థం. ఇది జబ్బు కాదు, ఒక స్వభావం. సుమారు పది మందిలో ఒకరికి ఉంటుంది. ఐబీఎస్, క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ లాంటి దీర్ఘకాలిక పేగు సమస్యలున్నవారిలో ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. డార్విన్‌కు ఆ ముద్ర వేయడం నా ఉద్దేశం కాదు. కలం పట్టుకుంటే ఆయనకు మాట దొరికింది. బాధ పుట్టిన క్షణంలో మాత్రం ముందుగా మాట్లాడింది ఎక్కువసార్లు కడుపే.

మీ ఇంటికి పనికొచ్చేవి

మొదటిది, జబ్బును ముందు తేల్చుకోండి. మలంలో రక్తం, బరువు తగ్గడం, జ్వరం, రక్తహీనత, నిద్రలోంచి లేపేసే నొప్పి లేదా విరేచనాలు, యాభై దాటాక కొత్తగా మొదలైన బాధ... వీటిలో ఏదున్నా టెన్షన్ వల్లే అని సరిపెట్టుకోవద్దు. మన దేశంలో పేగుల టీబీ కూడా అచ్చం క్రోన్స్‌లాగే కనిపిస్తుంది. రక్తపరీక్ష, మలపరీక్ష, అవసరమైతే కొలనోస్కోపీ చేయించుకోవాలి. క్రోన్స్, కొలైటిస్ మందులు మనసు కుదుటపడిందని మానేయకూడదు. ఆ పూతకు కారణం మనసు కాదు. మనసు బాగోలేకపోతే ఆ బాధ మరింత ఎక్కువగా తెలుస్తుంది.

రెండోది, డార్విన్‌లాగే డైరీ రాయండి, ఇంకో గడి చేర్చి. ఒక గడిలో కడుపు ఏం చేసింది. పక్క గడిలో అంతకు ముందు ఏం జరిగింది, ఎవరు వచ్చారు, ఏ ఫోన్ వచ్చింది. మూడో గడిలో ఒక్క మాట: కోపం, భయం, బెంగ, సిగ్గు, విసుగు, దిగులు, వీటిలో ఏది దగ్గరగా ఉందో. తెలియకపోతే తెలియదనే రాయండి. నాలుగైదు వారాలకు వరస కనిపించడం మొదలవుతుంది. ఆ కాగితం డాక్టరుకు చూపిస్తే మీ వైద్యం సగం సులువవుతుంది.

మూడోది, మీ ఇంట్లో అలాంటివారు ఉంటే ఎలా అనిపిస్తోందని పదేపదే అడగకండి. వాళ్లకు జవాబు నిజంగానే తెలియదు. ఇవాళ ఏం జరిగిందని అడగండి. ఒంట్లో ఎక్కడ తెలుస్తోందని అడగండి. మాటలు అక్కడి నుంచి వస్తాయి. అంతా నీ భ్రమ అని మాత్రం అనకండి.

నాలుగోది, డాక్టరు కౌన్సెలింగ్‌కు పంపినా, తక్కువ డోసులో డిప్రెషన్ మందు రాసినా కంగారుపడవద్దు. ఆ మందులు పేగుల నొప్పినీ తగ్గిస్తాయి. మాటల చికిత్స వల్ల ఐబీఎస్ బాధ తగ్గినవారు ఎందరో ఉన్నారు.

ఆఖరి పదేళ్లు డార్విన్ కడుపు కొంత నెమ్మదించింది. రోజూ రాత్రి ఎమ్మాతో రెండు ఆటలు బ్యాక్‌గామన్ ఆడేవారు, ఎవరెన్ని గెలిచారో లెక్క రాసేవారు. ఎమ్మా పియానో వాయిస్తే సోఫాలో పడుకుని వినేవారు. 1876లో ఆత్మకథ రాస్తూ ఒక విషయానికి బాధపడ్డారు. కుర్రతనంలో ఇష్టపడిన కవిత్వం, సంగీతం తనకు రుచించకుండా పోయాయని, తన బుర్ర వివరాల్లోంచి సూత్రాలు పిండే యంత్రంలా మారిందని. మళ్లీ బతికే అవకాశముంటే వారానికి ఒకసారైనా కవిత్వం చదవాలని, పాట వినాలని నియమం పెట్టుకునేవాడినని, ఆ రుచి పోతే మనలో స్పందించే భాగం బలహీనపడుతుందని రాశారు.

1882 ఏప్రిల్ 19న గుండెజబ్బుతో డౌన్ ఇంట్లోనే, ఎమ్మా చేతుల్లో కన్నుమూశారు. వయసు 73. ఆయన పెట్టుకోలేకపోయిన ఆ నియమానికి ఖర్చేమీ లేదు. వారంలో ఒక సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని పాట వినండి. విన్నాక ఎవరికి ఏం గుర్తొచ్చిందో చెప్పుకోండి. పోయినవాళ్ల పేరు వస్తే, రానివ్వండి.